అత్తమ్మ తెలుగు, నా జావా

వనపర్తిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో నేను కంప్యూటర్ పాఠాలు చెప్పేదాన్ని. అప్పటికి నాకు వచ్చిన ప్రోగ్రామింగ్ భాష ఒక్కటే, సి. చదువుకున్నదీ అదే, చెప్పేదీ అదే. బోర్డు మీద ఏ ప్రోగ్రామైనా పుస్తకం చూడకుండా రాసేదాన్ని. ఆ ధీమాలోనే ఉండగా, ఎండాకాలం సెలవులు ఇచ్చే ముందురోజు ప్రిన్సిపాల్ గారు గదిలోకి పిలిచారు. ఆయన కెమిస్ట్రీ మనిషి. కంప్యూటర్ల గది ముందు నుంచి వెళ్లేటప్పుడు కూడా చెప్పులు విడిచి వెళ్లేవారు, దుమ్ము పడితే పాడవుతాయని.

"మేడం, వచ్చే ఏడాది నుంచి సెకండియర్ పిల్లలకు జావా పెట్టిన్రు. మీకొస్తదా?"

"రాదు సార్. నేర్చుకుంట."

"ఎన్ని దినాలు పడ్తది?"

కాసేపు ఆలోచించినట్టు ముఖం పెట్టి, "నెల చాలు సార్" అన్నాను.

"నెలంటే నెలేనా? కాలేజీ తెరిచినంక పరేషాన్ కావొద్దు మల్ల."

ఆ నెల అన్న మాట నాకు ఎక్కడి నుంచి వచ్చిందో తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. మా గద్వాలలో ఆ రోజుల్లో ఏ గోడ చూసినా, ఏ కరెంటు స్తంభం చూసినా కంప్యూటర్ సెంటర్ల ప్రకటనలే. ముప్పై రోజుల్లో ఫలానా భాష, అరవై రోజుల్లో ఉద్యోగం. రోజూ బస్సు కిటికీలోంచి వాటిని చదివీ చదివీ భాష అంటే నెలే అని నా మనసులో పడిపోయినట్టుంది.

నేను పుట్టింది గద్వాలలోనే, చీరలు నేసే ఇంట్లో. పెళ్లయ్యాకా అదే ఊళ్లో ఉన్నాను, మా ఆయనకు అక్కడి కరెంటు ఆఫీసులోనే ఉద్యోగం కావడంతో. ఇంట్లో మేమిద్దరం, అప్పుడప్పుడే మాటలు నేర్చుకుంటున్న మా పాప, అత్తమ్మ. అత్తమ్మ పుట్టిల్లు రాయచూరు అవతల ఒక పల్లె. పెళ్లి చేసుకుని అయిజ పక్క ఊరికి కోడలిగా వచ్చింది. మామయ్య పోయాక పొలం కౌలుకిచ్చి మా దగ్గరకు వచ్చేసింది.

ఆ సాయంత్రం నేను తెచ్చుకున్న లావుపాటి పుస్తకాన్ని అత్తమ్మ రెండు చేతులతో ఎత్తి బరువు చూసింది.

"ఏందిది?"

"జావా నేర్చుకోవాలె అత్తమ్మా. నెల రోజులల్ల."

"జావకు నెలెందుకే? పొద్దున నా పక్కన నిలబడు. పిండి ఉండ కట్టకుంట కలిపేది సూస్తే అయిపాయె."

"ఆ జావ కాదు. ఇది భాష. కంప్యూటర్‌తోని మాట్లాడేది."

"ఏ దేశపోళ్లది?"

"ఎవ్వళ్లదీ కాదు. మనుషులు దీన్ని మాట్లాడరు. రాస్తరంతే."

అత్తమ్మకు ఇది నచ్చలేదు. మాట్లాడేవాళ్లు లేకుండా భాష ఎట్లవుతుందని అడిగింది. ఇంకాస్త ఆలోచించి, "మరి మనం తప్పు మాట్లాడితే నవ్వేది ఎవరు?" అంది.

"ఎవ్వరు నవ్వరు. కంప్యూటరే తప్పని చెప్తది. ఏ లైన్ల తప్పో గూడ చూపిస్తది."

"నీది నయం. నాకు తప్పని చెప్పినోళ్లు లేకుండె. అందరు నవ్వినోళ్లే."

అత్తమ్మ కన్నడంలోంచి తెలుగులోకి వచ్చిన మనిషని నాకు తెలుసు. కానీ అదెలా జరిగిందో ఎన్నడూ అడగలేదు. నేను చూసేనాటికి ఆమె తెలుగు మా అందరి తెలుగులాగే ఉండేది. ఒక్క లెక్కపెట్టేటప్పుడు మాత్రం కన్నడం బయటికొచ్చేది. జొన్నరొట్టెలు చేస్తూ ఒందు, ఎరడు, మూరు అని లోపల్లోపల అనుకునేది.

ఇంట్లో కంప్యూటర్ లేదు. రైల్వే స్టేషన్‌కు వెళ్లే దారిలో ఒక చిన్న సెంటర్ ఉండేది. దాన్ని నడిపే ఆయన నాకంటే కొంచెం పెద్ద. మధ్యాహ్నం ఎండకు ఎవరూ రారు కాబట్టి అప్పుడు వచ్చి కూర్చోమన్నాడు. బయట బోర్డు మీద మిగతా కోర్సులతో పాటు జావా అని కూడా పెద్దక్షరాలతో ఉంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. మొదటి రోజే అనుమానాల చిట్టా తీశాను.

"అన్నా, ఇది జర చెప్పు."

ఆయన తల గోక్కున్నాడు. "నాకు రాదు మేడం."

"బోర్డు మీద రాసిన్రు గదా?"

"ఎవరన్న వస్తే అప్పుడు నేర్చుకుందామని రాయించిన. మీరే మొదలు వచ్చింది."

అలా ఇద్దరం పక్కపక్కన రెండు యంత్రాల ముందు కూర్చుని నేర్చుకోవడం మొదలుపెట్టాం. పాపను అత్తమ్మ చూసుకునేది. వెళ్లేటప్పుడు సంచిలో నీళ్ల సీసా, రొట్టె మడిచిన గుడ్డ పెట్టేది. సెంటర్ ఆయనకు కూడా ఒక రొట్టె ఎక్కువే పెట్టేది, చదువుకునేవాడు ఆకలితో ఉండకూడదని. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. పోయిందంటే అప్పటిదాకా రాసింది మొత్తం పోయినట్టే. ఆయనకు ఒక చెవి ఎప్పుడూ పక్కనే ఉన్న పిండిగిర్ని మీద ఉండేది. కరెంటు తగ్గి గిర్ని చప్పుడు కొంచెం సన్నగిల్లగానే "సేవ్ చేయండి మేడం" అని అరిచేవాడు. సగం సార్లు ఆలోగానే తెర నల్లబడేది. ఇద్దరం గుమ్మం దగ్గరకు వచ్చి రొట్టె తింటూ కరెంటు కోసం చూసేవాళ్లం.

మొదట్లో జావా నన్ను విసిగించింది. తెర మీద ఒక్క మాట కనిపించాలంటే సి లో ఒక లైను రాస్తే చాలు. ఇక్కడ పైన క్లాసు అనాలి, పబ్లిక్ అనాలి, స్టాటిక్ అనాలి. ఎందుకో తెలియకుండానే పురోహితుడి వెనక మంత్రం పలికినట్టు రాసుకుంటూ పోయాను. ఆ గుమ్మం దాటాక మాత్రం అంతా తెలిసిన ఇల్లే అనిపించింది. అవే బ్రాకెట్లు, అవే సెమికోలన్లు, లూపులు కూడా అచ్చం అవే. సెలవులు అయ్యేలోగా పుస్తకం ముగించాను. కాలేజీ తెరిచిన రోజు ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్లి, "వచ్చింది సార్" అన్నాను. ఆయన ఎంతో తృప్తిగా తలాడించారు.

వానలు మొదలైన వారంలో ల్యాబ్‌లో ఒక ప్రోగ్రాం చూపించాను. చాలా చిన్నది. కంప్యూటర్ దగ్గర ఒక రహస్య పదం ఉంటుంది. మనం ఒక పదం కొడతాం. రెండూ ఒకటైతే లోపలికి రమ్మంటుంది, కాకపోతే తప్పు అంటుంది. పిల్లలంతా నా కుర్చీ చుట్టూ మూగారు. పదం కొట్టాను. తప్పు అని వచ్చింది. తొందరలో కొట్టానేమోనని ఒక్కో అక్షరం చూసుకుంటూ మళ్లీ కొట్టాను. మళ్లీ తప్పే.

"మేడం, స్పెల్లింగ్ కరెక్టే ఉంది" అన్నాడు ఒక అబ్బాయి.

"రెండు ఒక్కటే గద మేడం" అంది ఇంకో అమ్మాయి.

నాకూ ఒక్కటే. కంప్యూటర్‌కే కాదు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు, ఆ తర్వాత అందరూ నవ్వారు. పిల్లలు మంచివాళ్లే, కానీ నవ్వు వస్తే ఎవరాపుతారు. "రేపు చూసి చెప్త" అని ల్యాబ్ ముగించాను. పెబ్బేరు దాటి, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి ఇంటికి చేరేవరకు బస్సులో అదే ఆలోచన. నా ముఖం చూసి అత్తమ్మ పాపను కిందికి దించింది.

"ఏమైంది బిడ్డా?"

చెప్పాను. ప్రోగ్రాం గురించి ఆమెకు ఏం అర్థమవుతుందని ఆలోచించలేదు. ఎవరికో ఒకరికి చెప్పుకోవాలనిపించింది, అంతే. సి లో అంకెలు పోల్చడానికి వాడే గుర్తునే ఇక్కడ పదాలకు పెట్టానని, చూడడానికి అంతా సరిగ్గానే ఉన్నా ఎందుకో కావడం లేదని అన్నీ చెప్పాను. అత్తమ్మ మధ్యలో ఆపకుండా విని, చివరకు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"నువ్వు గూడ నవ్వబట్టినవా?"

"నీ మీద కాదే, నా మీద నేనే నవ్వుతున్న. కూసో, చెప్త."

అప్పుడు చెప్పింది. అత్తమ్మ కొత్త కోడలిగా వచ్చిన నాటికి మామయ్య తమ్ముడు ఇంకా లాగు కట్టుకోవడం కూడా రాని పిల్లవాడు. కొత్త వదిన దగ్గరకు రావడానికి సిగ్గుపడి తలుపు వెనక నుంచి చూస్తుండేవాడట. వాణ్ని మచ్చిక చేసుకోవాలని ఈమె బెల్లం ముక్క చేతిలో పట్టుకుని, "బా, కొడ్తీని" అంది. రా, ఇస్తాను అని. కన్నడంలో కొడు అంటే ఇవ్వు.

"వాడు ఏడ్సుకుంట ఉరికిండు. ఊరంత చెప్పిండు, కొత్త వదిన కొడ్తనంటుందని. నేను వాని యెనక బెల్లం పట్టుకోని కొడ్తీని, కొడ్తీని అనుకుంట వాకిట్లకు ఉరికిన. అరుగుల మీద కూసున్నోళ్లందరు చూస్తున్నరు. మా అత్త అడ్డం వచ్చి నా చెయ్యి పట్టింది. పిడికిలి ఇప్పి చూస్తే ఏముంది, బెల్లం."

నవ్వలేక కళ్లు తుడుచుకున్నాను. నా నవ్వు చూసి పాప కూడా నవ్వింది.

"అసలే తెల్వని మాటతోని ఏం కాదు బిడ్డా. తెల్వదు గనుక అడుగుతవు. రెండు దిక్కుల ఒక్క తీరుగ ఉంటయి సూడు, ఆ మాటలతోనే పరేషాన్."

మరునాడు బస్సులో పుస్తకం మళ్లీ మొదటి నుంచి తిరగేశాను. వచ్చనుకుని దాటేసిన పేజీలోనే ఉంది సంగతి. జావాలో పదాల మధ్య రెండు సమాన గుర్తులు పెడితే, ఆ రెండు పదాల అక్షరాలు ఒకటేనా అని కాదు అడిగినట్టు. ఆ రెండూ ఒకే వస్తువా అని అడిగినట్టు. ఒకే అచ్చులో పోసిన రెండు బెల్లం ముక్కలు చూడడానికి ఒకటే, కానీ రెండూ వేరువేరు ముక్కలు. అక్షరాలు ఒకటేనా అని అడగడానికి ఈక్వల్స్ అని వేరే మాట ఉంది. క్లాసులో ఇది చెప్పి, అత్తమ్మ పేరెత్తకుండా కొడ్తీని కథ కూడా చెప్పాను. ఆ ఏడు ఆ పాఠానికి పిల్లలు బెల్లం పాఠం అని పేరు పెట్టారు. పరీక్షలో ఆ తప్పు ఒక్కరూ చేయలేదు.

ఆ ఆదివారం అత్తమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉండగా అడిగాను.

"నీకు తెలుగు ఎన్ని దినాలకు వచ్చింది అత్తమ్మా?"

"ఏ తెలుగు?"

"ఏ తెలుగంటే?"

"సంతల కూరగాయలు కొనేటంత తెలుగు ఒక నెలకే వచ్చింది. మా అత్త నన్నేమంటుందో తెలిసేటంత తెలుగు ఆ ఏడు పంట ఇంటికొచ్చేసరికి వచ్చింది. పక్కింటామెతోని కొట్లాడేటంత తెలుగు మీ ఆయన పుట్టినంకనే." రొట్టె తిరగేసి మళ్లీ అంది, "కొట్లాటల మాట కోసం ఎతుక్కుంటూ కూసుంటే అవతలామె గెలుస్తది. ఎతకకుంట నోటికి వచ్చిన దినం నాకు తెలుగు వచ్చినట్టు."

"గెలిచినవా?"

"గెల్వలే. గని ఆమె గూడ గెల్వలే."

నాకు వచ్చిన జావా సంతలో కూరగాయలు కొనేటంత అని ఆ రోజు తెలిసింది. అప్పటినుంచి ప్రిన్సిపాల్ గారు ఎదురైతే కొంచెం తప్పుకుని నడిచేదాన్ని.

చలికాలంలో ఒక అమ్మాయి క్లాసు అయ్యాక ఆగింది. నవ్వుల రోజున రెండూ ఒక్కటే కదా అన్న పిల్లే. లైబ్రరీ పుస్తకం తెరిచి పట్టుకుని, చెప్పాలా వద్దా అన్నట్టు నిలబడింది. "మేడం, కోపం రావొద్దు. మీరు రాసేది సి లెక్కనే ఉంది. పైన క్లాసని పెట్టి లోపలంత మెయిన్ అన్న ఒక్కదాన్లనే రాస్తున్నరు. ఈ పుస్తకంల గిట్ల లేదు."

కోపం రాలేదు. నిజానికి ఆ మాట నేనే కొన్నాళ్లుగా లోపల అనుకుంటున్నాను. "అయితే అందరం కలిసి సరిగ్గ రాద్దాం" అన్నాను. ఏం రాయాలో కూడా ఆ అమ్మాయే చెప్పింది. మా కాలేజీ లైబ్రరీలో ఏ పుస్తకం ఎవరి దగ్గర ఉందో కనుక్కోవడానికి గంట పట్టేది. లైబ్రేరియన్ కార్డుల పెట్టెలు తీసి, కళ్లజోడు సర్దుకుని, ఒక్కో కార్డు తిప్పేవారు. ఆ పని చేసే ప్రోగ్రాం రాద్దామన్నాం.

రాశాం, చెరిపాం, మళ్లీ రాశాం. సి లో నాకు ఒకటే అలవాటు, మొదట ఏం చేయాలి, తర్వాత ఏం చేయాలి అని వరసగా ఆలోచించడం. జావా అలా అడగదు. ఇక్కడ ఎవరెవరున్నారు, ఎవరి పని ఏమిటి అని అడుగుతుంది. ఈ ముక్క పుస్తకంలో ఉంది, నేనే బోర్డు మీద రాసి చెప్పాను కూడా. కానీ రాయబోతే చేయి పాత దారినే పోయేది. ఆ సెకండియర్ పిల్లలు ఫైనలియర్‌కు వచ్చారు, ప్రోగ్రాం ఇంకా సగంలోనే ఉంది.

ఒకరోజు ఇంటికి వస్తున్నాను. బీచుపల్లి వంతెన మీద బస్సు మెల్లగా పోతోంది. నది నిండుగా ఉంది. జనమంతా కిటికీల వైపు వంగి చూస్తున్నారు, కొందరు చిల్లర నీళ్లలోకి విసురుతున్నారు. నేను నీళ్లు చూస్తూ, ఏ ప్రయత్నమూ లేకుండా, పుస్తకం ఎక్కడుందో ప్రపంచమంతా వెతకడం దేనికి, పుస్తకాన్నే అడిగితే సరిపోతుంది కదా అనుకున్నాను. తాను ఎవరి దగ్గర ఉందో తనకే తెలిసి ఉండాలి. విద్యార్థిని అడిగితే తన దగ్గర ఏమేం ఉన్నాయో చెప్పాలి. ఎవరి సంగతి వాళ్లు చెప్పుకుంటే మధ్యలో పెద్దరికం చేసే ఆ పొడుగాటి మెయిన్‌తో పనే లేదు. వంతెన దాటేసరికి ప్రోగ్రాం మొత్తం కళ్ల ముందు ఉంది. ఒక్క ముక్క కూడా సి లోంచి మార్చుకుని ఆలోచించలేదని కాసేపటికి గానీ తట్టలేదు.

ఇంట్లో అడుగుపెడుతూనే, "వచ్చింది అత్తమ్మా" అన్నాను.

"ఏమొచ్చింది?"

"జావా."

అత్తమ్మ నన్ను అనుమానంగా చూసింది. "కొట్లాడేటంత వచ్చిందా?"

"ఎతకకుంట వచ్చింది."

"అయితే ఇయ్యాల్టి సంది నీ బిడ్డకు అన్నం నువ్వే తినిపియ్యి. నేను తినిపియ్యబట్టి రెండేండ్లాయె."

లైబ్రేరియన్ గారు ఆ ప్రోగ్రాం వాడారు. కార్డుల పెట్టెలు మాత్రం పారేయలేదు. కరెంటు పోతే ఎట్ల అని అడిగారు. గద్వాల సెంటర్‌లో ఒక ఎండాకాలం గడిపినదాన్ని, కాదనలేకపోయాను.

ఆ మరుసటి వేసవిలో రాయచూరు నుంచి అత్తమ్మ చెల్లెలు వచ్చి కొన్నాళ్లు ఉంది. అక్కాచెల్లెళ్లు వాకిట్లో కూర్చుని కన్నడంలో మాట్లాడుకుంటుంటే నాకు సగం అర్థమయ్యేది. ఒక సాయంత్రం అత్తమ్మ ఏదో చెప్తూ చెప్తూ ఆగిపోయింది. మాట దొరకలేదు. చేతులతో చూపించింది, తెలుగులో చెప్పింది. చెల్లెలు ఆ కన్నడ మాట అందించి, నువ్వు పూర్తిగా తెలుగుదానివి అయిపోయావని నవ్వింది. అత్తమ్మ కూడా నవ్వింది. కానీ చెల్లెలు వెళ్లిపోయాక రెండు రోజులు ముభావంగా ఉంది.

"మాట్లాడేటోళ్లు లేకుంటె పోతది గద బిడ్డా" అంది, నేను అడగకుండానే.

మరునాడు వంటింట్లోంచి రెండు గొంతులు వినిపించాయి. అత్తమ్మ పాపను పీట మీద కూర్చోబెట్టుకుని, నీళ్లు, పాలు, చింతపండు, ఒక్కోటి చూపించి కన్నడంలో పేరు చెప్పిస్తోంది. పాప తప్పు పలికినప్పుడు నవ్వడం లేదు. తప్పని చెప్పి, మళ్లీ పలికిస్తోంది. నేను చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చేశాను.

చాలా ఏళ్ల తర్వాత ప్రాక్టికల్ పరీక్షలకు బయటి ఎగ్జామినర్‌గా నన్ను నాగర్‌కర్నూల్‌లోని ఒక కాలేజీకి పంపారు. రాసిన ప్రోగ్రాం నడిస్తే సగం మార్కులు, మేం అడిగిన ప్రశ్నలకు చెప్పే జవాబులకు మిగతావి. ప్రశ్నలు ఇంగ్లిష్‌లో అడగడం ఆనవాయితీ.

మధ్యాహ్నం బ్యాచ్‌లో ఒక అమ్మాయి ప్రోగ్రాం మొదటిసారికే నడిచింది. శుభ్రంగా రాసింది. ప్రశ్న అడిగితే మాత్రం నోరు విప్పలేదు. ఇంకోటి అడిగాను. చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ నేల చూసింది. పక్కన కూర్చున్న ఆ కాలేజీ సార్ నా వైపు వంగి, "అడవి పక్క మన్ననూరు పిల్ల మేడం. వాళ్ల నాయిన ఫారెస్టోళ్ల దగ్గర పనిచేస్తడు. బట్టీ పట్టి రాసింటది. ఏదో ఒకటి వేయండి" అన్నాడు. ఆయన మాటలో చెడ్డతనం లేదు, సాయం చేస్తున్నాననే అనుకున్నాడు.

"గీ ప్రోగ్రాంల ఏం రాసినవో నీ మాటల్ల చెప్పు" అన్నాను అమ్మాయితో.

"ఇంగ్లిష్‌ల రాదు మేడం."

"ఎట్లొస్తే అట్ల చెప్పు."

సార్ వైపు ఒకసారి చూసింది. తర్వాత తెర వైపు తిరిగింది. "జంతువని ఒక క్లాసు రాసిన మేడం. తినుడు, నడుసుడు అన్నిటికి ఉంటయి గద, అవి అండ్ల పెట్టిన. చిరుత, దుప్పి దాంట్లకెంచే వచ్చినయ్. తినుడు రెండిట్ల ఉంది గని, ఎట్ల తింటదో దేనిది అదే చెప్తది." గొంతు కొంచెం పెరిగింది. "ఇగ ఈడ జంతువు అని పేరు పెట్టి పిలిచిన. నేను జంతువని పిలిచినా, అండ్ల ఉన్నది చిరుతయితే చిరుత లెక్కనే తింటది. పిలిచే పేరును బట్టి కాదు మేడం, లోపల ఏమున్నదో దాన్ని బట్టి."

ఇదే సంగతి నేను ఎన్నో ఏళ్లుగా చెబుతున్నాను. ఇంత తేటగా ఎన్నడూ చెప్పలేదు. సార్ కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. "మంచిగ చెప్పినవు" అన్నాడు ఆయనే ముందుగా.

"జావా నేర్చుకోనీకి ఎన్ని దినాలు పట్టింది నీకు?" అని అడిగాను. పరీక్ష ప్రశ్న కాదని ఆ అమ్మాయికీ తెలిసింది. మొదటిసారి నా కళ్లలోకి చూసింది.

"జావా జల్దీనే వచ్చింది మేడం. పుస్తకం సదువుడే లేటయింది. ఒక్క పేజీకి ఒక దినం పట్టేది, డిక్షనరీ పట్టుకోని. అర్థమైనంక హాస్టల్‌ల మా దోస్తులకు చెప్తుంటి. చెప్తుంటే ఇంక మంచిగ అర్థమయ్యేది."

పడాల్సిన మార్కులు పడ్డాయి. సాయంత్రం పని ముగించుకుని వనపర్తి మీదుగా గద్వాల పోయే బస్సు కోసం రోడ్డు మీదికి వచ్చాను. ఎదుటి వైపు చెట్టు నీడలో ఆ అమ్మాయి, చుట్టూ నలుగురైదుగురు స్నేహితురాళ్లు. మరునాటి బ్యాచ్ వాళ్లనుకుంటాను. ఆమె రెండు చేతులతో చిరుత పంజా చూపిస్తూ ఏదో చెబుతోంది, వాళ్లు తలలాడిస్తున్నారు. బస్సు వచ్చినా ఎక్కకుండా ఇంకాసేపు అక్కడే నిలబడ్డాను. బస్సులు ఇంకా ఉన్నాయి.